ముఖం కింద చెప్పులు

మా ముందు గది గోడకు ఒక ఆడపిల్ల బొమ్మ ఉంది. చెక్క మీద నూనె రంగులతో వేసింది. ఆ పిల్ల ముఖం పాచి పట్టిన నీళ్ల రంగులో ఉంటుంది. ముఖం కింద, రాతి అంచు మీద, నీలం పట్టీలున్న చిన్న చెప్పుల జత ఒకటి ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగుతూ దాన్ని చూస్తారు. చనువున్నవాళ్లయితే, పోయినవాళ్ల బొమ్మకు దండ వేస్తారుగాని చెప్పులు పెట్టడమేమిటని అడుగుతారు. మా అమ్మ ఒక జవాబు చెబుతుంది. మా ఆవిడ ఇంకొకటి చెబుతుంది. నేను ఏదో పనున్నట్టు లేచి లోపలికి పోతాను.

ఈ మధ్య మా వీధిలో ఒకరిద్దరు అది ఏదో దోషం పోవడానికి చేయించిన బొమ్మ అంటున్నారని తెలిసింది. అందుకే ఇది రాయాలనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ బొమ్మ నిలకడగా లేదు, కొంచెం కొంచెం మారుతోంది. ఏ పొర కింద ఏముందో వేసినవాడికి తప్ప తెలియదు. అది తెలిసినవాడు ఒకచోట రాసి పెట్టడం మంచిది.

నేను దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే లారీలను కాటా దగ్గర తూస్తాను. ఇంటర్ తప్పాను. చదవడం మాత్రం మానలేదు. లారీకీ లారీకీ మధ్య దొరికే పది నిమిషాల్లో, వారానికొక సెలవు రోజున నరసరావుపేట లైబ్రరీలో, దొరికినదల్లా చదివాను. మా ఊరి నాపరాయి ఒకప్పుడు సముద్రపు అడుగు అని నాకు మాస్టారు చెప్పలేదు, లైబ్రరీ బల్ల చెప్పింది. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. ఆ ఇష్టమే ఈ బొమ్మ విషయంలో నన్ను తప్పుదారి పట్టించింది.

మా నాన్న పోయి ఏడాది నిండిన మర్నాడు అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే తల ఎత్తకుండానే అంది.

"ఒరేయ్, ఆ కాటా చీటీల ఎనక బొమ్మలు గీస్తంటావు గదా. దాన్ని గీయరాదూ."

"దేన్నమ్మా?"

అమ్మ పేరు చెప్పలేదు. "మీ నాన్న లేడుగా. ఇంకెవురు తిడతారు?" అంది.

అప్పుడు అర్థమైంది. నాకు ఒక అక్క ఉండేది. నాకు ఏడేళ్లప్పుడు, తనకు పన్నెండేళ్లప్పుడు, నీళ్లు నిండిన క్వారీ గుంటలో పడి పోయింది. అమ్మా నాన్నా ఆ పక్క క్వారీలోనే నాపరాళ్లు కొట్టేవాళ్లు. అక్కా నేనూ వాళ్లకు అన్నం క్యారేజీ తీసుకుపోతూ గుంట దగ్గర ఆగాం. కాళ్లు కడుక్కోబోయి జారిందని అందరికీ చెప్పింది నేనే. అందులో సగమే నిజం. మిగతా సగం దగ్గరికి తర్వాత వస్తాను.

పెళ్లికాని పిల్ల కాబట్టి పూడ్చారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోటోను నాన్న ఆమెతోపాటే గోతిలో పెట్టేశాడు. దాని పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. మేం ఎత్తలేదు. ముప్పై అయిదేళ్లు అయింది. ఇప్పుడు అమ్మ అడుగుతున్నది ఆ ముఖాన్ని. నాకు ఆ ముఖం గుర్తు లేదు. రెండు జడలు గుర్తున్నాయి, ముంజేతి మీద మచ్చ గుర్తుంది, గొంతు కూడా కొంచెం గుర్తుంది. ముఖం ఉండాల్సిన చోట నీళ్లే ఉన్నాయి.

ఆ మాట అమ్మతో చెప్పలేకపోయాను. "ముఖం గీయడమంటే చీటీ మీద గీసినట్టు కాదమ్మా, ముందు నేర్చుకోవాలి" అన్నాను.

"ఎన్నాళ్లు పట్టుద్ది?"

"చూద్దాం."

"నేనుండంగా అవుద్దా?"

అమ్మ మళ్లీ కందుల్లో పడింది.

లైబ్రరీలో పాశ్చాత్య చిత్రకళ మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. నూనె రంగుల్లో ముఖాలు వేయడం నేర్చుకునేవాడు పాత మహాచిత్రకారుల బొమ్మ ఒకటి ఎంచుకుని, వాళ్లు వేసిన వరసలోనే పొర మీద పొర వేసి కాపీ చేయాలని అందులో ఉంది. ఆ సలహా సరైనదే. కానీ నేను దాన్ని పట్టుకున్నది గడువు కోసం. కాపీ చేస్తున్నంత కాలం అక్క ముఖం గుర్తులేదని చెప్పాల్సిన పని ఉండదు.

ఆ పుస్తకంలో రంగుల పుట ఒకటి ఉంది. కొన్ని వందల ఏళ్ల కిందటి బొమ్మ. చీకట్లోంచి ఇటు తిరిగి చూస్తున్న పిల్ల, పన్నెండు పదమూడేళ్లుంటాయి. ముందు రాతి అంచు ఉంది, కిటికీ గట్టులాంటిది. ఆ పిల్ల ఎవరో తెలియదని కింద రాశారు. అందుకే దాన్ని ఎంచుకున్నానేమో ఇప్పుడు చెప్పలేను.

పుస్తకం ఇంటికి ఇవ్వరు. లైబ్రేరియన్ మేడం అట్ట వెనకున్న చీటీ చూసి, "ఇన్నేళ్లలో దీన్ని తెరిచింది నువ్వూ చెదపురుగులూనే నాయనా" అని, ఆ పుటను ఫోన్‌తో ఫోటో తీసుకోనిచ్చింది. కలర్ ల్యాబులో పెద్దది చేయించి ముందు గదిలో అంటించాను.

మా ఆవిడ దాన్ని చూసి, "పొద్దస్తమానం ఆ తెల్లపిల్లని చూస్తా కూర్చో. నల్లపిల్ల వంట చేసి పిలుస్తది, వచ్చి తిందువుగాని" అంది.

ముందుగా చెక్క పలకకు తెల్లటి పూత వేయాలి. సుద్దపొడిని జిగురులో కలిపి పూయాలని పుస్తకంలో ఉంది. సుద్ద అయినా సున్నపురాయి అయినా పదార్థం ఒకటేనని అంతకుముందే వేరే పుస్తకంలో చదివాను. సున్నపురాయి దేశంలో పుట్టి సుద్దపొడి కోసం గుంటూరు పోవడమేమిటి అనుకున్నాను. పిడుగురాళ్ల బట్టీ నుంచి సున్నం తెచ్చి, నీళ్లు పోసి, వడకట్టి, వడ్రంగులు వాడే జిగురు కలిపి, పలక మీద అయిదు పూతలు వేశాను. పాలమీగడలా వచ్చింది.

మా సందు చివర సున్నాలు వేసే తాత ఉన్నాడు. ఊళ్లో సగం గోడలు ఆయన చేతిమీదుగా తెల్లబడ్డవే. పలకను అరుగు మీద ఆరబెడితే దారిన పోతూ ఆగి, వేలితో తాకి, ఆ వేలు నాలుకకు రాసుకున్నాడు.

"దీని మీద ఏమేస్తావు బాబూ?"

"నూనె రంగులు, తాతా."

"కొత్త సున్నం. ఏడి చావలా. నూనె రంగేస్తే తినేస్తది. ఒక ఎండాకాలం పోనీయ్."

సుద్దా సున్నపురాయీ ఒకటేనని, నాలుగొందల ఏళ్లుగా విదేశాల్లో ఇదే పద్ధతని ఆయనకు వివరించాను. ఓపిగ్గా విన్నాడు.

"మీ పుస్తకం ఎప్పుడన్నా సున్నం ఎక్కువైన తాంబూలం నమిలిందా?" అన్నాడు.

అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. రాయిని కాల్చాక అది ఇక సుద్ద కాదు, గాలి పీల్చుకుని మళ్లీ రాయి అయ్యేదాకా దానికి కొరికే గుణం ఉంటుంది. ఈ సంగతి ఆయనకు నాలుక మీద తెలుసు. నేను చదివిన పుటకు తర్వాతి పుటలోనే అది ఉంది. నేను అక్కడిదాకా చదవకుండా పుస్తకం మూశాను.

పాత చిత్రకారులు ముఖానికి ముందే చర్మపు రంగు వేయరు. మొదట ముఖమంతా ఆకుపచ్చటి మన్ను రంగుతో, బూడిద రంగుతో వెలుగు నీడలుగా వేస్తారు. ఆ పొరకు వాళ్లు పెట్టుకున్న పేరు చచ్చిన రంగు. అది ఆరాక, పైన పలచగా ఎరుపు, పసుపు, తెలుపు పొరలు పరుస్తారు. కింది ఆకుపచ్చ కొంచెం కనబడీ కనబడనట్టు ఉండటం వల్లే చర్మం కింద నరాలున్నట్టు, ప్రాణమున్నట్టు అనిపిస్తుందట.

ఆ మొదటి పొరకు నాకు నెల పట్టింది. కళ్లు మూడుసార్లు చెరిపాను. చివరకు ఒక సాయంత్రం, నిజంగానే, చెక్కలోంచి ఎవరో ఇటు చూశారు. కుంచె కింద పెట్టి వెనక్కి జరిగాను. అమ్మ మిరపకోతకు పోయి అప్పుడే వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పబోయి చేయి అట్లాగే ఉంచింది.

"ఇట్టాగే ఉంది" అంది.

"ఎవరమ్మా?"

"గట్టు మీదకి తీసి పడుకోబెట్టినప్పుడు. ఇదే రంగు."

నేను గోడకున్న ఫోటో చూపించాను. ఇది కాపీ అని, ఆ తెల్లపిల్ల అని, ఇంకా రంగులు వేయలేదని చెప్పాను. అమ్మ ఫోటో వైపు చూడనైనా లేదు. దగ్గరకు వచ్చి చెక్క ముందు చతికిలబడింది. చేతులకు మిరప ఘాటు ఉంది, ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

"ఒరేయ్, దీన్ని ఇట్టా వదిలెయ్యమాక. దీనికి నెత్తురు పెట్టు."

అప్పటినుంచి నేను చేస్తున్నది కాపీ కాకుండా పోయింది. నా గడువు అయిపోయింది. అమ్మ రోజూ అన్నం తిన్నాక పీట వేసుకుని నా వెనక కూర్చునేది.

"ముక్కు అంత ఎత్తు కాదురా. అది దొరల ముక్కు. మన ముక్కెయ్యి."

"కాపీలో మార్చకూడదమ్మా."

"ఎవురొచ్చి కొలుస్తాడు?"

ముక్కు మార్చాను. కనుబొమలు దగ్గరగా జరిపాను. చెవి కింద ఉలవగింజంత మచ్చ పెట్టమంటే పెట్టాను. పెదవులకు ఎరుపు కలుపుతుంటే వెనకనుంచి వినబడేది. "ఎండుమిరపకాయ ఎరుపు గాదు. పండుమిరపకాయ." మా ఆవిడ కూడా వచ్చి నిలబడి, "అత్తా, జడలు నున్నగా దువ్వినట్టున్నయ్యే, నీ కూతురు అంత బుద్ధిమంతురాలా?" అనేది. "దానికి నేను దువ్వేదాన్నే, నీలాగా నీల్గేది కాదు" అనేది అమ్మ. ఆ ఇంట్లో ఆ పిల్ల గురించి అంత మామూలుగా మాట్లాడుకోవడం అదే మొదలు.

నేను మాత్రం వాళ్ల మాటల్లో కలిసేవాణ్ణి కాదు. ప్రతి మార్పుతో ఆ ముఖం నాకు తెలిసిన ముఖం అవుతోంది. అమ్మ చెప్పని వాటిని కూడా నా చేయి వేస్తోంది. కింది పెదవి ఎడమ పక్కకు కొంచెం లాగినట్టు వేశాను. ఎందుకు వేశానో తెలియదు. అమ్మ చూసి పీట ఇంకా ముందుకు జరుపుకుంది. నాకు ముఖం గుర్తులేకపోవడం కాదు, గుర్తుచేసుకోలేదు. ఆ పెదవి లాగిన ముఖాన్ని నేను గుంట అంచు మీద కూర్చుని పైనుంచి చూశాను.

బొమ్మ పూర్తయింది. అమ్మ గోడకు పెట్టించి దాని ఎదురుగా కూర్చుని తల దువ్వుకునేది. బయటికి పోతూ "వస్తా" అని చెప్పి పోయేది. పనికి పోతున్నానని నాకు చెప్పేది కాదు, దానికి చెప్పేది. అట్లా ఒక వానాకాలం గడిచింది.

శీతాకాలం వచ్చేసరికి మొదట పెదవులు పలచబడ్డాయి. దీపం వెలుగు తక్కువేమో అనుకున్నాను. తర్వాత బుగ్గల్లో ఎరుపు పోయింది. చెక్క మీద నూనె సబ్బులా మారి పలచబడి, కింద నేను వేసిన మొదటి పొర పైకి తేలుతోంది. ఆకుపచ్చ మన్నును సున్నం ఏమీ చేయలేదు. పైనున్న నెత్తుటి రంగును మాత్రం తినేసింది. రెండు మూడు నెలల్లో ముఖం మళ్లీ గట్టు మీద పడుకోబెట్టినప్పటి రంగుకు వచ్చింది. మచ్చ మిగిలింది. కళ్లు మిగిలాయి.

నేను లైబ్రరీకి పోయి ఆ తర్వాతి పుట చదివాను. మర్నాడు కత్తీ గరుకు కాగితమూ తెచ్చి, గోడనుంచి బొమ్మను దించాను. అమ్మ చూసింది.

"ఏం చేస్తున్నావురా?"

"గీకేసి మళ్లీ వేస్తానమ్మా. పూత తప్పు వేశాను. తాత చెప్పాడు, నేనే వినలేదు. ఈసారి సుద్దపొడి తెస్తాను."

"దాన్ని గీకుతావా?"

"పచ్చబడిపోయిందమ్మా."

"రానీయ్" అంది అమ్మ. "నీళ్లల్లోంచి అది రావటానికి ఇంతకాలం పట్టింది. మళ్లీ ఎనక్కి పంపిస్తావా?"

కత్తి నా చేతిలోనే ఉంది. బొమ్మ మా ఇద్దరి మధ్య నేల మీద వెల్లకిలా ఉంది. అక్కను కూడా సరిగ్గా అట్లాగే పెట్టారు. ఆ మధ్యాహ్నం అందరూ నా చుట్టూ చేరి ఏం జరిగిందని అడిగితే కాళ్లు కడుక్కోబోయిందని చెప్పాను. ఇప్పుడు అడిగేవాళ్లు ఎవరూ లేరు. అడగకుండానే చెప్పాను.

కోటప్పకొండ తిరనాళ్లలో నాన్న నాకు చెప్పులు కొన్నాడు, నీలం పట్టీలవి. నేను గుంట అంచున కూర్చుని కాళ్లు ఊపుతుంటే ఒకటి జారి నీళ్లలో పడింది. నాన్న కొడతాడని ఏడ్చాను. అక్క "ఏడవమాక, తెస్తాగా" అని రాళ్లు కోసిన మెట్ల మీదుగా దిగింది. చెప్పు తేలుతూనే ఉంది. చేయి చాపి నా వైపు చూసి పెదవి పక్కకు లాగి నవ్వింది. ఆ తర్వాతి మెట్టు లేదు. నేను చాలాసేపు అరవలేదు. అక్క మళ్లీ పైకి వస్తుందనుకున్నాను. రాకపోయేసరికి, ఒక చెప్పు లేకపోతే నాన్నకు తెలిసిపోతుందని, కాలికున్న రెండో చెప్పు కూడా తీసి నీళ్లలోకి విసిరేశాను. అప్పుడు అరిచాను.

బయట ట్రాక్టరు ఒకటి రాళ్ల లోడుతో పోయింది, దాని చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అమ్మ నేల మీదున్న ముఖాన్నే చూస్తోంది. నన్ను కొడితే బాగుండుననిపించింది.

"చెప్పులు కొత్తయ్యేనా?" అంది చివరకు.

"అవునమ్మా."

"ఆ చెప్పేదో దానికియ్యి. ఇంకా ఎతుక్కుంటా ఉందేమో."

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ బొమ్మలో రాతి అంచును వేలితో చూపించింది. "ఇక్కడ. అందేట్టు పెట్టు."

"ఒకటా అమ్మా?"

"రెండూ పెట్టు" అంది. "ఒకటే పెడితే ఇంకోదాని కోసం పోద్ది."

మా ఆవిడ ఒప్పుకోలేదు. ముఖమున్న పటంలో చెప్పులు పెడితే ఇంటికి మంచిది కాదని రెండు రోజులు అన్నం సరిగా పెట్టలేదు. అమ్మ ఆమెను వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసి ఏదో చెప్పింది. బయటికి వచ్చాక మా ఆవిడ నా వైపు చూడకుండా, "ఏ కొలత చెప్పులు?" అని అడిగింది. మేనల్లుడి పాత చెప్పుల జత తెచ్చి, కడిగి, చూసి వేయడానికి నా ముందు పెట్టింది.

ఈసారి తొందరపడలేదు. సున్నాల తాత దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్నాను. ఆయన వచ్చి, అంచు దగ్గర రంగు పొర లేచిన చోట తడిగుడ్డతో తుడిచి, వేలు నాలుకకు రాసుకుని ఉమ్మేసి, "ఇంకా కొరుకుతా ఉంది, మే నెల పోనీయ్" అన్నాడు. మే నెల పోయింది. మళ్లీ వచ్చి రాసుకున్నాడు. "ఇప్పుడు రాయి" అన్నాడు. మళ్లీ రాయిగా మారిందని ఆ మాటకు అర్థం. నీలం రంగుల్లో సున్నానికి పోయేది ఏదో, నిలిచేది ఏదో ఈసారి పుస్తకంలో చివరి అక్షరం దాకా చదివి, నిలిచే నీలం తెప్పించాను. ఒక్క పూటలో రెండు చెప్పులూ వేశాను. అమ్మ వెనక కూర్చోలేదు. అయ్యాక వచ్చి చూసి, అంచు మీదే కొంచెం అవతలికి, ముఖం వైపు జరపమంది. "దాని చెయ్యి చిన్నది" అంది. జరిపాను.

చెప్పులు వేసి ఇది రెండో ఏడు. నీలం అట్లాగే ఉంది. ముఖం మాత్రం ఇంకొంచెం నీళ్ల రంగుకు తిరిగింది. పొద్దున లేవగానే నేను ముందు చెప్పులే చూస్తాను, అక్కడే ఉన్నాయా అని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మ కూడా పొద్దున్నే అటే చూస్తుందని నాకు తెలుసు.

సాయపడినవాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలి. కానీ మా ఇంట్లో ఒక పేరు ముప్పై ఏడేళ్లుగా పైకి రాలేదు. నాన్న పోయినా అమ్మ ఇప్పటికీ "అది" అనే అంటుంది. నేనూ రాయలేకపోతున్నాను. ఆ ఒక్కటి వదిలేసి మిగతావి రాయడం న్యాయం కాదు కాబట్టి అందరినీ వరసలతోనే తలుచుకుంటాను. చెదపురుగులతో సమానంగా నన్ను లెక్కగట్టి పుస్తకం తెరిచిన లైబ్రేరియన్ మేడంకు. నాలుక మీద చదువున్న సున్నాల తాతకు, ఆయన మాట వినకపోయినా రెండోసారి వచ్చినందుకు. డ్యూటీలో రంగుల వాసన వస్తున్నా ఏమీ అనకుండా నా బదులు లారీలు తూచిన కాటా బాబాయికి. చెప్పులు కడిగి తెచ్చిన మా ఆవిడకు. ఆ చెప్పుల మేనల్లుడికి. రెండూ పెట్టమన్న మా అమ్మకు.

నా చెప్పు కోసం నీళ్లలోకి దిగిన మా అక్కకు.